ఊక బూడిద పడే ఊళ్లో కారుకు పాలిష్ మెషిన్ పట్టాలంటే

ప్రశ్న: మాది మిర్యాలగూడ. అయిదేళ్ల కింద కొన్న నల్లరంగు కారు ఉంది. ఇంటి చుట్టూ రైస్ మిల్లులే. పొద్దున లేచేసరికి బండి మీద సన్నటి బూడిద పరుచుకుని ఉంటది. రోజూ పొడిబట్టతో తుడుస్తున్న. ఇప్పుడు ఎండల నిలబెడితే బానెట్ మీద సూర్యుడి చుట్టూ సాలెగూడు లెక్క గీతలు కనబడుతున్నయి. బోరు నీళ్ల తెల్లమచ్చలు ఎంత కడిగినా పోతలేవు. షెడ్డుల అడిగితే రబ్బింగ్ కొట్టిస్తే కొత్తబండి అయితది అన్నరు. నేనే మెషిన్ కొని నేర్చుకుందామని ఉంది. వెల్డింగ్ షాపు గ్రైండర్‌కే ప్యాడ్ తగిలిస్తే సరిపోతదని మా బావమరిది అంటుండు. ఎక్కడ మొదలుపెట్టాలె? పెయింట్ కాలిపోతదా?
— ఒక పాఠకుడు, మిర్యాలగూడ

జవాబు: ముందు గ్రైండర్ సంగతి తేల్చేద్దాం. అది వద్దు. నాలుగు అంగుళాల గ్రైండర్ నిమిషానికి దాదాపు 11,000 చుట్లు తిరుగుతుంది. పాలిష్ కోసం చేసిన రోటరీ మెషిన్‌ను 1,000 నుంచి 1,800 చుట్ల మధ్య నడుపుతారు. మామూలు గ్రైండర్‌కు వేగం తగ్గించే బటన్ ఉండదు, మెల్లగా అందుకునే ఏర్పాటూ ఉండదు. ప్యాడ్ అంచు పెయింట్‌ను తాకిన రెండు మూడు సెకన్లలోనే పైపొర వేడెక్కి మెత్తబడి లేచిపోతుంది. మీరు భయపడుతున్న కాలిపోవడం అదే. సరైన మెషిన్, సరైన పద్ధతి ఉంటే మొదటిసారి పట్టేవాళ్లు కూడా ఆ పొరపాటు జరగకుండా పని చేసుకోవచ్చు.

ఇక అసలు మాట. పాలిష్ అంటే బండికి ఏదో పూయడం కాదు, ఉన్నదాన్ని గీకి తీయడం. కంపెనీ పెయింట్‌లో రేకు మీద తుప్పు పట్టకుండా ఒక పొర, దాని మీద ప్రైమర్, దాని మీద రంగు, అన్నిటికంటే పైన రంగు లేని క్లియర్ కోట్ ఉంటాయి. అన్నీ కలిపి సాధారణంగా 90 నుంచి 140 మైక్రాన్లు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు). అందులో క్లియర్ కోట్ 35 నుంచి 50 మైక్రాన్లే. ఎండకు రంగు వెలిసిపోకుండా కాపాడేది ఆ పొరే. మీకు కనిపించే గీతలన్నీ దానిలోనే ఉన్నాయి. గీత పోవాలంటే దాని అడుగు దాకా చుట్టూ ఉన్న పొరను అరగదీయాలి. పైపొరను అరగదీసే కాంపౌండ్ అనే ద్రవంతో ఒకసారి గట్టిగా కొడితే ఒకటి నుంచి మూడు మైక్రాన్లు పోతాయి. పోయింది తిరిగి రాదు. కాబట్టి ఎంత తక్కువ తీసి ఎంత బాగా కనిపించేలా చేస్తామన్నదే ఇందులో పనితనం. షెడ్డువాళ్లు చెప్పే "కొత్తబండి" రబ్బింగ్‌ను ఏడాదికోసారి చేయిస్తూపోతే అయిదారేళ్లలో బానెట్ మీద, టాప్ మీద పొర పొట్టులా లేచి తెల్లబడుతుంది. అప్పుడిక కొత్త పెయింటే గతి.

ఆ సాలెగూడు ఎక్కడినుంచి వచ్చిందంటే, నిజానికి మీ బండి మీద గుండ్రటి గీతలు లేవు. అన్ని దిక్కులకూ అడ్డదిడ్డంగా పోయిన సన్నని తిన్నని గీతలు ఉన్నాయి. వెలుగుకు అడ్డంగా ఉన్నవి మాత్రమే మెరుస్తాయి కాబట్టి సూర్యుడి చుట్టూ చుట్టలు చుట్టినట్టు కనబడతాయి. తలను పక్కకు జరిపి చూడండి, చుట్ట కూడా మీతోపాటే జరుగుతుంది. ఇవి పడింది పొడిబట్ట వల్ల. బాయిలర్లలో కాలిన ఊక బూడిదలో 85 నుంచి 90 శాతం దాకా సిలికానే, అంటే ఇసుకలో ఉండే పదార్థమే. క్లియర్ కోట్ కన్నా అది చాలా గట్టిది. దాని మీద బట్ట పెట్టి రుద్దితే రోజూ సన్నటి గరుకు కాగితంతో తుడిచినట్టే. ఈ అలవాటు మారకుండా మీరు ఎంత ఖరీదైన మెషిన్ కొన్నా నెల రోజుల్లో గీతలు మళ్లీ వస్తాయి, క్లియర్ కోట్ మాత్రం తరిగిపోయి ఉంటుంది. అందుకే మెషిన్ కొనడానికి ఒక నెల ముందు కడగడం మార్చుకోండి.

కడగడం, బోరు నీళ్లు

రోజువారీ బూడిదను తుడవకండి. చేతితో పంపు కొట్టే 5 లీటర్ల స్ప్రేయర్ కొత్తది కొనుక్కోండి. చేలో మందు కొట్టినది వద్దు, ఎంత కడిగినా మందు వాసన, జిడ్డు మిగులుతాయి. దాంట్లో నీళ్లు పోసి పైనుంచి కిందికి కొడితే సగానికి పైగా బూడిద జారిపోతుంది. మిగిలిన దాన్ని అలాగే ఉంచి, వారానికోసారి సరిగ్గా కడగండి. దుమ్ము పట్టిన బండి మీద కవర్ కప్పడం కూడా మంచిది కాదు. గాలికి కవర్ కదిలినప్పుడల్లా అది కూడా రుద్దుతుంది.

వారం కడుగుడుకు రెండు బకెట్లు కావాలి. ఒకదాంట్లో కారు షాంపూ నీళ్లు, రెండోదాంట్లో ఉత్త నీళ్లు. ముందు పైపుతో బండినంతా బాగా తడిపి బూడిద జారనివ్వండి. చేతికి తొడుక్కునే మైక్రోఫైబర్ గ్లవ్‌ను షాంపూలో ముంచి ఒక పలక (బానెట్, డోర్ లాంటి ఒక్కో భాగం) కడిగి, ఉత్త నీళ్ల బకెట్లో పిండి, మళ్లీ షాంపూలో ముంచండి. టాప్, అద్దాలు, బానెట్, డోర్ల పైభాగం, చివరికి కింది భాగాలు. చక్రాలకు వేరే గుడ్డ. గిన్నెలు తోమే సబ్బు, బట్టల సర్ఫ్ వద్దు, పెయింట్‌ను కాపాడేందుకు పూసిన మైనం పొరను ఊడగొడతాయి.

తెల్లమచ్చల సంగతి మన జిల్లాలో పెద్దదే. నల్లగొండ బోర్లలో ఫ్లోరైడ్ ఉందని లోకమంతా తెలుసు, దాంతోపాటు సున్నపు శాతం కూడా ఎక్కువ. ఆ నీళ్లు ఎండలో ఆరితే సున్నం గుండ్రంగా పెయింట్ మీదే మిగిలిపోతుంది. బోరు నీళ్లతో కడిగినా ఫర్వాలేదు గాని, చివరి కడుగుడు మాత్రం భగీరథ నల్లా నీళ్లతోనో, ఆర్‌ఓ ప్లాంటు 20 లీటర్ల క్యాన్‌తోనో చేయండి. స్ప్రేయర్‌తో కొడితే 10, 12 లీటర్లు సరిపోతాయి. ఒక్క జాగ్రత్త. ఇంట్లో ఆర్‌ఓ మెషిన్ నుంచి బయటికి వదిలే వృథా నీళ్లను బండి కడగడానికి పట్టి పెట్టుకునేవాళ్లు ఉన్నారు. వడపోతలో మిగిలిన లవణమంతా చిక్కబడి చేరేది ఆ నీళ్లలోనే, బోరు నీళ్ల కన్నా అవి అధ్వానం.

ఇప్పటికే పడిన మచ్చలకు కిరాణంలో దొరికే 5 శాతం తెల్ల వెనిగర్‌లో అంతే కొలత ఆర్‌ఓ నీళ్లు కలపండి. బండి చల్లగా, నీడలో ఉన్నప్పుడు బట్టను అందులో తడిపి మచ్చల మీద ఒకటి రెండు నిమిషాలు పరచండి, రుద్దకండి. తీసి బాగా కడగండి. అవసరమైతే ఇంకోసారి చేయండి. వాడపల్లి, దామరచర్ల దిక్కు తిరిగే బండ్ల మీద గట్టిపడిన సిమెంటు చుక్కలు కూడా ఇలాగే మెత్తబడతాయి. బాత్‌రూం యాసిడ్ జోలికి మాత్రం పోకండి. వెనిగర్‌కు కూడా పోని మచ్చ అంటే సున్నం క్లియర్ కోట్‌ను తినేసి గుంట చేసిందని అర్థం. దాన్ని మెషినే తీయాలి, అది కూడా గుంట లోతు తక్కువైతేనే.

ఏం కొనాలి

మెషిన్లు రెండు రకాలు. రోటరీ ఒకే చోట గిర్రున తిరుగుతుంది. బలంగా కోస్తుంది, వేడి పుట్టిస్తుంది, చెయ్యి వంగితే వెలుగులో జిగేల్మనే నీడల్లాంటి జాడలు వదులుతుంది. మన షెడ్లలో నల్లబండ్ల మీద రబ్బింగ్ తర్వాత కనిపించేవి అవే. రెండోది డ్యుయల్ యాక్షన్, డి.ఏ. అంటారు. ప్యాడ్ తిరుగుతూనే పక్కలకు కూడా ఊగుతుంది. గట్టిగా నొక్కినా, అంచు మీద ఇరుక్కున్నా తిరగడం ఆగిపోయి ఊగడం మాత్రమే మిగులుతుంది కాబట్టి కాల్చడం చాలా కష్టం. మీకు కావలసింది ఇదే. ఊగే కొలత 15 మిల్లీమీటర్లు, ప్యాడ్ అతికించే ప్లేటు 5 అంగుళాలు, 700 నుంచి 900 వాట్లు, ఒకటి నుంచి ఆరు దాకా వేగం మార్చుకునే చక్రం ఉన్నది చూడండి. 21 మిల్లీమీటర్లది పెద్ద పలకల మీద తొందరగా పని చేస్తుంది గాని వంపుల దగ్గర ఆగి ఆగి సతాయిస్తుంది. 8 మిల్లీమీటర్లది మెరుపు తేవడానికి బాగుంటుంది, గీతలు తీయడానికి చాలదు. డి.ఏ. ధర మామూలు రోటరీ కన్నా బాగా ఎక్కువ. ఆ తేడాకు వెనకాడకండి, ఒక్క బానెట్ మళ్లీ పెయింట్ చేయించే ఖర్చుతో పోల్చుకోండి.

ప్యాడ్లలో పొదుపు చేస్తే పని చెడుతుంది. గీతలు తీసే కోత (కటింగ్) ప్యాడ్లు నాలుగు, మెరుపు (ఫినిషింగ్) ప్యాడ్లు మూడు, అయిదున్నర అంగుళాల ఫోమ్‌వి. రంగును బట్టి కొనకండి. ఒక కంపెనీ నారింజరంగు ప్యాడ్ గట్టిది, ఇంకో కంపెనీది మెత్తది. ప్యాకెట్ మీద ఏమని రాశారో చూడండి. మైక్రోఫైబర్, ఉన్ని ప్యాడ్లు ఇప్పుడే వద్దు.

ద్రవాలు రెండు చాలు, ఒకే కంపెనీవి, ఒక మోస్తరు కాంపౌండ్, ఒక సన్నటి ఫినిషింగ్ పాలిష్. మెన్‌జెర్నా, మెగ్వయర్స్, 3ఎం, కాక్ కెమీ ఏదైనా సరే. ఒక కారుకు 100 నుంచి 150 మిల్లీలీటర్ల కన్నా ఎక్కువ పట్టదు కాబట్టి పావు లీటరు సీసా కొనండి. పెయింట్ దుకాణాల్లో డబ్బాలో అమ్మే ముద్దలాంటి పాతరకం రబ్బింగ్ కాంపౌండ్ గరుకుగా ఉంటుంది, దాన్ని వాడకండి. వీటితోపాటు 300 నుంచి 400 జీఎస్‌ఎం (చదరపు మీటరుకు గ్రాముల బరువు) మైక్రోఫైబర్ బట్టలు పది, పెయింట్‌కు అంటుకున్న గరుకును పట్టి తీసే 50 గ్రాముల క్లే ముద్ద, మంచి మాస్కింగ్ టేపు, నైలాన్ బ్రష్, ఒక చిన్న ఎల్ఈడీ టార్చి. తుడిచి చూడ్డానికి ఐసోప్రొపైల్ ఆల్కహాల్ 150 మిల్లీలీటర్లలో ఆర్‌ఓ నీళ్లు 850 మిల్లీలీటర్లు కలిపి స్ప్రే సీసాలో పోసి పెట్టుకోండి.

చోటు, వేళ

మే నెలలో నల్లగొండ ఎండ 44, 45 డిగ్రీలు. అప్పుడు ఈ పని పెట్టుకోకండి. వేడి రేకు మీద కాంపౌండ్ పని చేయకముందే ఎండిపోయి అతుక్కుంటుంది. చలికాలం మంచిది. ఎండాకాలంలో చేయక తప్పకపోతే తెల్లవారకముందే మొదలుపెట్టి ఎనిమిది, ఎనిమిదిన్నరకు ఆపేయండి. బానెట్ మీద మీ చెయ్యి వెనక్కి తిప్పి పెట్టండి, చల్లగా తగలాలి. కాని చలికాలంలో వానాకాలం వడ్లు వచ్చి మిల్లులు జోరుగా నడుస్తాయి, గాలినిండా బూడిదే. ఆరుబయట చెట్టు కింద పని చేస్తే ప్యాడ్ కింద పడే ఒక్క బూడిద రేణువు పలక మొత్తం గీస్తుంది. షట్టర్ ఉన్న గోదామో, నల్లగొండలోనో హాలియాలోనో చుట్టాల ఇంటి కింద మూసి ఉన్న పార్కింగో చూసుకోండి. నేల మీద నీళ్లు చల్లి, ఫ్యాన్ ఆపండి.

కడిగి ఆరబెట్టాక చేతికి పలచటి పాలిథిన్ కవర్ తొడుక్కుని పెయింట్ మీద మెల్లగా నిమరండి. మామూలు చేతికి తెలియని గరుకు తెలుస్తుంది. అక్కడ షాంపూ నీళ్లు ధారాళంగా చల్లి క్లే ముద్దను తేలిగ్గా జరపండి. నల్లబడినప్పుడల్లా మడవండి. కింద పడితే పారేయాలి, కడిగినా అందులో గుచ్చుకున్న ఇసుక పోదు. ఎండాకాలం ముద్ద మరీ మెత్తబడి బండికి అంటుకుంటుంది, చల్లటి నీళ్లలో వేసి ఉంచండి.

తర్వాత టార్చి పట్టుకుని బండి చుట్టూ తిరగండి. ఎక్కడైనా డెంటింగ్ పెయింటింగ్ చేయించారా గుర్తు తెచ్చుకోండి. సెకండ్‌హ్యాండ్ కార్లు కొనేవాళ్ల దగ్గర పెయింట్ మందం కొలిచే మీటర్ ఉంటుంది, ఒక పూట అడిగి తెచ్చుకోవచ్చు. రేకు మీద 90 నుంచి 140 వస్తే కంపెనీది. 200 దాటితే మళ్లీ వేసిన పెయింట్, లేదంటే లోపల పుట్టీ. 80 కన్నా తక్కువ వచ్చిన చోట కాంపౌండ్ పట్టకండి, సన్నటి పాలిష్‌తో సరిపెట్టండి. ప్లాస్టిక్ బంపర్ మీద ఈ మీటర్ పని చేయదు. షెడ్డులో కొత్తగా వేయించిన పెయింట్ అయితే కనీసం నెల రోజులు ఆరనిచ్చి చూడాలి. గీత మీద గోరు అడ్డంగా జరిపితే తట్టుకుంటోందంటే అది మెషిన్‌కు పోదు. దాన్ని వదిలేయండి.

నల్లటి ప్లాస్టిక్ పట్టీలు, రబ్బరు బీడింగులు, కంపెనీ గుర్తు, బానెట్ డోర్ల అంచులు, పలకల్లో ఎత్తుగా వచ్చే మడతల మీద టేపు వేయండి. ప్లాస్టిక్‌కు కాంపౌండ్ పట్టుకుంటే తెల్లగా మిగిలిపోయి ఎంత తోమినా పోదు. అంచుల మీద టేపు వేయడానికి కారణం వేరు, పెయింట్ వేసినప్పుడు అది అంచుల నుంచి పక్కకు జారి అక్కడ పలచబడుతుంది, మెషిన్ బరువంతా పడేదీ అక్కడే.

మొదటి ముక్క

మొత్తం పనిలో ముఖ్యమైనది ఇదే, తొందరపడకుండా చేయండి. వీలైతే డెంటింగ్ షెడ్డు నుంచి ఒక పాత బానెట్ తెచ్చుకుని ఒక పూట దాని మీద చెయ్యి తిప్పుకోండి. తర్వాత మీ బండి బానెట్ మధ్యలో అడుగున్నర పొడవు, అడుగున్నర వెడల్పు చోటును టేపుతో గుర్తు పెట్టుకోండి.

ముందు అన్నిటికన్నా మెత్తటి జతతో మొదలుపెట్టాలి, మెరుపు ప్యాడ్, సన్నటి పాలిష్. మెషిన్ ప్లేటు అంచు మీద మార్కర్‌తో ఒక గీత గీయండి, ప్యాడ్ తిరుగుతోందో లేదో అది చెబుతుంది. కొత్త ప్యాడ్ మీద కొంచెం పాలిష్ వేసి వేలితో ప్యాడ్ ముఖమంతా పలచగా అద్దండి. తర్వాత కందిగింజంత చుక్కలు నాలుగైదు వేయండి. మెషిన్ ఆపి ఉండగానే ప్యాడ్‌ను పెయింట్ మీద ఆనించి, మొదటి వేగంలో స్విచ్ వేసి చోటంతా పరచండి. గాలిలో స్విచ్ వేస్తే పాలిష్ గోడల మీద, మీ కళ్లలో పడుతుంది. కళ్లద్దాలు, మాస్కు పెట్టుకోండి, వైరు భుజం మీదుగా వెనక్కి వేసుకోండి.

ఇప్పుడు వేగం నాలుగుకో అయిదుకో పెంచండి. చెయ్యి సెకనుకు రెండు మూడు సెంటీమీటర్లే జరగాలి. కొత్తవాళ్లు అందరూ ఇక్కడే తొందరపడతారు, ఇస్త్రీ చేసినట్టు ముందుకూ వెనక్కీ తోస్తారు, గీతలు అలాగే ఉండిపోతాయి. ఎడమ నుంచి కుడికి వరసలుగా, ఒక్కో వరస ముందు వరసలో సగం మీద పడేలా పోండి. చోటంతా అయ్యాక పైనుంచి కిందికి అలాగే. ఈ రెండూ కలిపి ఒక విడత అనుకుంటే రెండు మూడు విడతలు చాలు. నొక్కుడు నాలుగైదు కిలోలు, అందులో మెషిన్ బరువు కూడా కలిసే ఉంటుంది. అది చేతికి తెలియాలంటే మిల్లు కాటా మీద గుడ్డ పరచి, స్విచ్ వేయని మెషిన్ పెట్టి నొక్కి చూడండి. ప్లేటు మీది గుర్తు గీత తిరగడం ఆగిందంటే ఎక్కువ నొక్కుతున్నారు, లేదా ప్యాడ్ పక్కకు వాలింది. చివరి విడతలో నొక్కుడు తగ్గించి మెషిన్ బరువుతోనే జరపండి. స్విచ్ తీసి, ప్యాడ్ ఆగాకే ఎత్తండి.

శుభ్రమైన బట్టతో తుడిచి, ఆల్కహాల్ నీళ్లు కొట్టి మళ్లీ తుడవండి. ఈ రెండో తుడుపు మానొద్దు. పాలిష్‌లో ఉన్న నూనె గీతల్లో నిండి అవి పోయినట్టు చూపిస్తుంది, నాలుగు వానలకు మళ్లీ బయటపడతాయి. ట్యూబులైటు కింద గీతలు కనబడవు, టార్చిని ఏటవాలుగా అన్ని వైపుల నుంచీ వేసి చూడండి. పక్కనున్న ముట్టని చోటుతో పోల్చండి.

పదింట ఏడెనిమిది గీతలు పోయాయా, అక్కడితో చాలు. బండి మొత్తానికి ఇదే జత. పోకపోతే అదే సన్నటి పాలిష్‌ను కోత ప్యాడ్ మీద వేసి ఆ పక్కన ఇంకో చోటు చూడండి. అప్పటికీ చాలకపోతేనే కాంపౌండ్, కోత ప్యాడ్. కాంపౌండ్ కొట్టిన చోట వెలుగులో పలచటి మసక మిగిలితే సన్నటి పాలిష్‌తో మూడో వేగంలో రెండు విడతలు తిప్పితే పోతుంది. నల్లబండి మీద ఆ మసక కచ్చితంగా కనబడుతుంది కాబట్టి మీకు బహుశా రెండు దశలూ పడతాయి. మిగిలిన రెండు మూడు లోతు గీతల కోసం మాత్రం అక్కడే మళ్లీ మళ్లీ కొట్టకండి. నూటికి నూరు అడిగితే క్లియర్ కోట్ దెబ్బతింటుంది. ఎనభైతో బండి పది అడుగుల దూరం నుంచి కూడా నిగనిగలాడుతుంది, ఇంకా రెండుసార్లు పాలిష్ చేసుకునే మందమూ మిగులుతుంది.

నడుమ వచ్చే చిక్కులు

కాంపౌండ్ పొడిపొడిగా రాలుతూ, ప్యాడ్ కీచుమంటూ పట్టేసినట్టు ఉంటే అది ఎండిపోయింది. మన దగ్గర ఎక్కువ వచ్చేది ఇదే. దాని మీద ఇంకా కాంపౌండ్ వేయకండి. ప్యాడ్ మీద ఆర్‌ఓ నీళ్లు ఒక్కసారి స్ప్రే చేయండి, చోటును అడుగు చొప్పున చిన్నది చేసుకోండి, విడతలు తగ్గించండి. దీనికి రివర్సు, ప్యాడ్ జారుతూ నూనె పూసినట్టు ఉండి ఏ గీతా పోకపోతే ద్రవం ఎక్కువైంది. ప్యాడ్ మార్చి చుక్కలు తగ్గించండి.

ఒక్కో చోటు అయ్యాక ప్యాడ్‌ను తక్కువ వేగంలో తిప్పుతూ నైలాన్ బ్రష్ ఆనించండి. తీసిన క్లియర్ కోట్ పొడి, ఎండిన కాంపౌండ్ అందులోనే ఉంటాయి, తీయకపోతే అవే కొత్త గీతలు గీస్తాయి. రెండు పలకలకోసారి ప్యాడ్ మార్చండి. నడిమి భాగం చేతికి కాలుతుంటే పక్కన పెట్టేయండి, లేకపోతే ఫోమ్‌కు వెనకనున్న అతుకు ఊడి వస్తుంది. తోకలా మెలి తిరిగిన ఒంటి గీత కనబడితే ప్యాడ్ కింద రేణువు పడ్డట్టే. వెంటనే ఆపి, ఆ ప్యాడ్ తీసేసి, పలకను కడిగి మొదలుపెట్టండి.

క్లియర్ కోట్ ఉన్న బండికి ప్యాడ్ మీద నల్లరంగు రాకూడదు, తెల్లగానో బూడిదగానో ఉండాలి. బండి రంగే వస్తోందంటే అక్కడ పైపొర అయిపోయింది, అదే క్షణం ఆపండి. మళ్లీ పెయింట్ వేయించిన పలకకు క్లియర్ లేకుండా రంగును ఒకటే పొరగా వేసి ఉంటే మాత్రం, రంగు వచ్చినా భయం లేదు. ఆ పలకను సన్నటి పాలిష్‌తో ముగించండి.

బంపర్ ప్లాస్టిక్ వేడిని రేకులా పంచుకోదు, ఒకే చోట కూడగడుతుంది. అక్కడ వేగం మూడు, విడతలు రెండే. టాప్‌కు పీట వేసుకోండి, డోర్ మీద ఆనితే బెల్టు బకిల్ గీస్తుంది. కింది పట్టీలు, చక్రాల పైభాగాలు ఆఖరుకు, పాత ప్యాడ్‌తో చేయండి. రోడ్డు ఇసుక ఎంత కడిగినా అక్కడ కొంత మిగిలే ఉంటుంది. మొదటిసారికి మొత్తం బండికి పది, పన్నెండు గంటలు పడుతుంది. ఒకరోజు బానెట్, టాప్, డిక్కీ, రెండోరోజు పక్కలు పెట్టుకోండి. చెయ్యి అలిసినప్పుడు ప్యాడ్ వాలుతుంది, అంచు తగులుతుంది. అలసట వస్తే ఆ పూటకు ఆపేయండి.

అయిపోయాక

మొత్తం బండిని ఆల్కహాల్ నీళ్లతో తుడిచి, మైనంలా పెయింట్‌ను కాపాడే సింథటిక్ సీలెంట్ పట్టండి. కారంతటికీ 15, 20 మిల్లీలీటర్లు చాలు, ఎంత పలచగా పూస్తే అంత బాగా తుడిపించుకుంటుంది. మైనం మెరుపు బాగుంటుంది గాని మన ఎండకు నెలా రెండు నెలలకు పోతుంది, సీలెంట్ అంతకు రెండింతలు నిలుస్తుంది. సిరామిక్ కోటింగ్‌కు తొందరపడకండి. అది కింద ఉన్న గీతలను అలాగే మూసి ఉంచుతుంది, తర్వాత సరిదిద్దాలంటే కోటింగ్‌ను కూడా గీకాల్సి వస్తుంది. రెండోసారి పాలిష్ చేతికొచ్చాక దాని సంగతి చూసుకోవచ్చు.

వాడిన మైక్రోఫైబర్ బట్టలను ఇంటి బట్టలతో కలపకుండా వేరుగా ఉతకండి, కంఫర్ట్‌లాంటివి వేయకండి. నూలు పోగులు, జిడ్డు పట్టుకుంటే అవి మళ్లీ గీతలు పెడతాయి. నేల మీద పడిన బట్టను చక్రాలకు కేటాయించండి. ప్యాడ్లను అదే రోజు గోరువెచ్చని నీళ్లలో కడిగి, ముఖం కిందికి పెట్టి నీడలో ఆరబెట్టండి.

సీలెంట్ పట్టాక 12 గంటలు నీళ్లు తగలనివ్వకండి, కాబట్టి ఆ రాత్రి బండిని షట్టర్ లోపలే ఉంచండి. తర్వాతి రోజునుంచి బూడిద పడితే బట్ట పట్టకుండా స్ప్రేయర్‌తోనే కొట్టండి. సీలెంట్ ఉన్నంతకాలం నీళ్లు ముత్యాల్లా ఉండకట్టి జారిపోతాయి. బానెట్ మీద అలా జారకుండా పలచగా పరుచుకోవడం మొదలైతే కడిగి ఇంకోసారి సీలెంట్ పట్టండి, దానికి మెషిన్ అక్కర్లేదు.